ఊళ్ళో పిలిచే పేరు

తాడేపల్లిగూడెం బస్టాండులో మొన్న పార్శిలు కౌంటరు దగ్గర ఒక పెట్టె పంపడానికి నిలబడ్డాను. లోపల పాత డాట్ మాట్రిక్స్ ప్రింటరు ఒకటి రసీదు కొడుతోంది. కర్రుమని ఒక వరుస, చిన్న విరామం, మళ్ళీ కర్రుమని ఇంకో వరుస. వేడెక్కిన రిబ్బను సిరా వాసన కౌంటరు దాటి బయటికి వస్తోంది. నా ముందున్న ఇద్దరూ ఆలస్యానికి విసుక్కుంటున్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ చప్పుడు ఎక్కడ విన్నా నాకు ఇష్టరాణి గారు గుర్తొస్తారు. మా ఆఫీసులో ప్రింటరు నడుస్తున్నంతసేపూ ఆవిడ దాని పక్కనే నిలబడి, కాగితం పైకి వస్తున్న కొద్దీ దాని మీది పేర్లు పెదాలు కదుపుతూ చదువుకునేవారు. అంతా అచ్చయ్యాక ఒకేసారి చూసుకోవచ్చు కదండీ అని ఒకరోజు అన్నాను. "ఇలా చదువుతుంటే ఒక్కొక్కరే లోపలికి వస్తున్నట్టుంటుంది బాబూ" అన్నారు.

ఆవిడ మా ఎమ్మార్వో, అంటే మండలం మొత్తానికి రెవెన్యూ అధికారి. మండలం పేరు రాయను. కొల్లేటి అంచున ఉంటుందని మాత్రం చెబుతాను. వట్లూరులో కంప్యూటర్లు చదివి బయటికొచ్చిన ఏడాదే నన్ను ఆ ఆఫీసుకి ప్రోగ్రామరుగా కాంట్రాక్టు మీద పంపించారు. సర్కారు పనులన్నీ కాగితం మీదనుంచి తెర మీదికి మారుతున్న రోజులవి. ఏసీ ఉన్న గది ఆ ఆఫీసు మొత్తంలో ఒక్కటే, అది కంప్యూటర్లది. ఎమ్మార్వో గారి నెత్తిన మాత్రం మూడు రెక్కల్లో ఒకటి వంగిన ఫ్యాను తిరిగేది. ఆవిడకి అప్పటికి యాభై దాటాయి. ముతక నేత చీర, ముక్కు మీద జారిపోయే కళ్ళజోడు. నలుగురిలో నన్ను "సూర్యప్రకాశ్ గారూ, మీరు" అనేవారు. గదిలో ఇద్దరమే ఉంటే "బాబూ, నువ్వు". ఈ రెండూ ఒక్కసారి కూడా తారుమారు కాగా నేను వినలేదు. చర్చి నుంచి వచ్చే ఆడవాళ్ళు మాత్రం ఆవిడని "ఎస్తేరమ్మ గారూ" అని పిలిచేవారు. ఎందుకో నేను అడగలేదు.

చేరిన నాలుగో రోజున ఆ ఆఫీసులోని లోపాలన్నీ ఒక కాగితం మీద నంబర్లు వేసి రాశాను. నాకది చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు. పదకొండు తేలాయి. ఒకటి, ఫైళ్ళకి సూచిక లేదు. రెండు, ఒకే దరఖాస్తు మూడు రిజిస్టర్లలోకి ఎక్కుతోంది. అలా సాగి, తొమ్మిదోది గోడ గడియారం ఏడు నిమిషాలు వెనక నడుస్తోంది. పట్టుకెళ్ళి ఆవిడకి ఇచ్చాను. కోపం వస్తుందేమోనని కొంత భయం, మెచ్చుకుంటారేమోనని కొంత ఆశ. ఆవిడ మొత్తం చదివి నాలుగింటికి టిక్కు పెట్టారు. ఆ నాలుగూ రేపే మొదలెడదామన్నారు. గడియారం సంగతి తనకు తెలుసుననీ, సూపరింటెండెంటు మూర్తి గారు భీమడోలు నుంచి వచ్చే బస్సుని బట్టి దాన్ని అలా ఉంచామనీ చెప్పారు. తరవాత కాగితం నా వైపు తిప్పారు.

"పన్నెండోది రాయలేదే?"

"ఏమిటండీ అది?"

"వచ్చి నాలుగు రోజులైంది. ఆ కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళలో ఒక్కరితోనైనా మాట్లాడావా బాబూ?"

ఆ మర్నాడు నా కంప్యూటరుని ఏసీ గదిలోంచి కిటికీ దగ్గరికి మార్పించారు. అంతటితో ఊరుకోకుండా తెరని బయట నిలబడ్డవాళ్ళ వైపు తిప్పమన్నారు. నేను మూడు అభ్యంతరాలు చెప్పాను: తీగ చాలదు, దుమ్ము పడుతుంది, నేను మెడ తిప్పి టైపు చెయ్యాలి. ఆవిడ ఏలూరు నుంచి పొడుగాటి తీగ తెప్పించి, దుమ్ముకి గుడ్డ తెప్పించి, మెడ సంగతి నా వయసుకి వదిలేశారు. రాసేది వాళ్ళ గురించి కనక అది వాళ్ళకి కనపడాలని ఆవిడ లెక్క. చదువు రానివాళ్ళ మాటేమిటని అడిగితే, గట్టిగా చదివి వినిపించమన్నారు. అదివరకు ఆదాయం సర్టిఫికెట్టో, నివాసం సర్టిఫికెట్టో తీసుకున్నవాళ్ళలో సగం మంది వారం తిరక్కుండా అచ్చుతప్పుల కోసం మళ్ళీ వచ్చేవారట. తెర తిప్పాక తప్పులన్నీ కిటికీ దగ్గరే దిద్దుకుపోయేవి. ఒకావిడ తెరని తేరిపార చూసి, తన పేరు కన్నా భర్త పేరు చిన్న అక్షరాల్లో పడిందేమండీ అని అడిగింది. ఆ గడికి నేను పెట్టిన సైజు అది, మారుస్తానన్నాను. వద్దు, అలాగే ఉంచమంది. ఇష్టరాణి గారు లోపలనుంచి ఈ మాట విని రోజంతా నవ్వుకున్నారు.

కొత్త రేషను కార్డుల సర్వే వచ్చింది ఆ ఏడాది వర్షాకాలంలోనే. ఊళ్ళనుంచి పంచాయతీ కార్యదర్శులు చేత్తో నింపిన ఫారాలు బస్తాల్లో వచ్చాయి. కిటికీ దగ్గర రోజువారీ పని ఆగకూడదు కనక ఇద్దరు టైపిస్టులతో ఏసీ గదిలో కూర్చుని రెండు వారాల్లో ఎక్కించేశాం. ఒకే మనిషిని రెండుసార్లు రాసి ఉంటే పట్టుకుని తీసేసే ప్రోగ్రాం నేనే రాశాను. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు ఈ నాలుగూ కలిస్తే మొదటిదాన్ని ఉంచి మిగతావి కొట్టేస్తుంది. పరీక్షిస్తుంటే కొన్ని పేర్ల మధ్య @ అనే గుర్తు కనిపించింది. ఈమెయిలు ఐడీల కోసం కుర్రాళ్ళంతా ఇంటర్నెట్ సెంటర్లకి పరిగెత్తే రోజులు. ఆ గుర్తుకి నాకు తెలిసిన అర్థం అదొక్కటే. పల్లెటూరి మనిషి పేరులో ఈమెయిలు గుర్తేమిటని నవ్వుకుని, టైపిస్టుల వేళ్ళు జారాయనుకున్నాను. ఆ గుర్తునీ, దాని తరవాత ఉన్నదాన్నీ చెత్త కింద లెక్కగట్టి కోసేయమని ప్రోగ్రాములో ఒక వాక్యం చేర్చాను. ఫారం తీసి చూడటానికి అర నిమిషం పట్టేది. చూడలేదు.

మండలం మొత్తం మీద నూట పదిహేడు పేర్లు ఎగిరిపోయాయి. ఇంతమందిని రెండుసార్లు రాశారా అని ఇష్టరాణి గారు అడిగారు. ప్రోగ్రాం తప్పు చెయ్యదండీ అన్నాను. ఆవిడ కలం తీసి సంతకం పెట్టారు. సీడీ ఏలూరు వెళ్ళింది. తరవాతి వీడియో కాన్ఫరెన్సులో హైదరాబాదు నుంచి మాట్లాడిన పెద్దాఫీసరు, ఒకరికి రెండు కార్డులు పోకుండా ఆపడంలో జిల్లాలో మా మండలమే ముందుందని చెప్పి, వచ్చే సోమవారం ఎలా చేశారో అందరికీ వివరించమని ఆవిడని కోరారు. మూర్తి గారు ఆఫీసందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు. నాకు రెండు ఎక్కువ పెట్టారు.

ఆ శుక్రవారం చిట్టిలంక నుంచి ఐదుగురు వచ్చారు. చిట్టిలంక కొల్లేరు మధ్యలో ఉన్న చేపల వేట ఊరు. వర్షాకాలంలో దోనె ఎక్కి గట్టుకి చేరి, అక్కడనుంచి ఆటోలో రావాలి. ముందు నిలబడిన ముసలాయన సన్నగా, వంకర కాళ్ళతో, బాగా పెద్దరికంగా ఉన్నాడు. చేతులు కట్టుకుని చాలా మర్యాదగా మొదలుపెట్టాడు.

"ఏవండీ మేడమ్ గారూ, మా ఊళ్ళో తెప్పల పెద్దిరాజు ఒక్కడే ఉన్నాడని పంచాయతీ బోర్డులో రాసేరండి. ఆ ఒక్కడూ ఎవరో తమరే చెప్పాలండి. రెండు రోజులు కూర్చున్నాం, మాకు తేల్లేదు."

"నేనేనని చెప్తన్నాను కదండీ" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

"నువ్వుండరా రేడియో" అన్నాడు ముసలాయన తల తిప్పకుండా.

సంగతేమిటంటే, ఆ ఊళ్ళో తాతపేరు పెద్ద మనవడికి పెట్టి తీరాలి. అన్నదమ్ములు నలుగురుంటే నలుగురిళ్ళలోనూ పెద్దకొడుక్కి అదే పేరు. అలా తెప్పల వారిలో పెద్దిరాజు, ఏడుకొండలు అనే రెండు పేర్లే తరతరాలుగా ముందుకీ వెనక్కీ తిరుగుతున్నాయి. ఏడుకొండలు కొడుకు పెద్దిరాజులు ఏడుగురు. పెద్దిరాజు కొడుకు ఏడుకొండలులు తొమ్మండుగురు. ఇంకో రెండు ఇంటిపేర్లలోనూ ఇదే వరస. ఇష్టరాణి గారు ఆ ఊరి ఫారాల కట్ట తెప్పించి బల్ల మీద విప్పి చదవడం మొదలుపెట్టారు. తెప్పల పెద్దిరాజు @ పీత. తెప్పల పెద్దిరాజు @ రేడియో. తెప్పల పెద్దిరాజు @ మాట్లాడడు. కార్యదర్శి ఒక్కొక్కటీ గుండ్రంగా, శ్రద్ధగా రాశాడు. వచ్చినవాళ్ళలో ఉన్న ఒకే ఒక ఆడమనిషి మాత్రం ఈ తమాషాకి నవ్వలేదు. ఆమె భర్త పేరూ మామ పేరూ రెండూ పోయాయి. "వలకి ఏమీ పడని నెలల్లో మాకు ఆ బియ్యవేనండి" అంది, అంతే.

"సూర్యప్రకాశ్ గారూ, ఈ గుర్తుని మీరేమనుకున్నారండీ?" అని అడిగారు ఆవిడ.

ఈమెయిలు అనుకున్నానని చెప్పాను. మూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. ఇష్టరాణి గారు నవ్వకుండా లేచి, వాళ్ళని కూర్చోబెట్టి టీ ఇప్పించమని చెప్పి, నన్ను గదిలోకి రమ్మన్నారు. బీరువాలోంచి తన సర్వీసు రిజిస్టరు తీసి మొదటి పేజీ చూపించారు. ఇష్టరాణి @ ఎస్తేరు రాణి.

"నాన్న నన్ను బళ్ళో వేసినప్పుడు ఎస్తేరు రాణి అని చెప్పారు. ఆ మాస్టారు ఆ పేరు ఎప్పుడూ విని ఉండరు. ఇష్టరాణి అని రాసుకున్నారు. పదో తరగతి సర్టిఫికెట్టులోకి అదే ఎక్కింది. ఉద్యోగంలో చేరిన రోజున ఒక గుమాస్తా గారు పాపం ఆలోచించి, ఈ సున్నా చుట్టి రెండోది రాశారు. దీన్ని ఉరఫ్ అంటారు బాబూ. కోర్టు కాగితాల్లో, పోలీసు కాగితాల్లో, మన రికార్డుల్లో మీ ఈమెయిలు పుట్టకముందు నుంచీ ఉంది. మా అమ్మ పిలిచిన మనిషి దీని తరవాతే ఉంది చూడు. కోసేస్తే ఎక్కడుంటాను నేను?"

ప్రోగ్రాం చేసిన తప్పని అనడానికి వీల్లేదు. అది నేను చెప్పిందే చేసింది. ఆవిడ రిజిస్టరు మూసి, "ఆ ఫారాలు ఎక్కించేటప్పుడు తెర ఎవరి వైపూ తిప్పలేదు మనం. సంతకం పెట్టేటప్పుడు నాకూ తట్టలేదు" అన్నారు. మనం అన్న ఆ మాట నాకు తిట్టు కంటే గట్టిగా తగిలింది.

మూర్తి గారు మంచి మనిషి, ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవారు. ఆయన నెమ్మదిగా ఒక దారి చూపించారు. జాబితా ఏలూరు వెళ్ళిపోయింది, మొదటి స్థానం వచ్చింది, సోమవారం సభ ఉంది. ఇప్పుడు తప్పు చేశామని చెబితే మండలానికీ మేడమ్ గారికీ మంచిది కాదు. రెండో విడతలో కొత్త పేర్లు చేర్చుకోమంటారు, వీళ్ళని అప్పుడు కలిపేస్తే ఎవరికీ మాట రాదు. రెండో విడత ఎప్పుడని ఆవిడ అడిగారు. ఐదారు నెలలు పట్టొచ్చన్నారాయన.

"అయితే బయట కూర్చున్న ఆ అమ్మాయికి మీరు చెబుతారా మూర్తి గారూ, నన్ను చెప్పమంటారా?"

మూర్తి గారు కిటికీలోంచి ఆమె వైపు చూసి, "దోనె మాట్లాడతానండీ రేపటికి" అన్నారు.

శనివారం పొద్దున్నే ముగ్గురం చిట్టిలంక వెళ్ళాం. నేను పుట్టింది అక్కడికి రెండు గంటల దూరంలో. అయినా కొల్లేటి లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి. నీళ్ళ మీద కిక్కిస పొదలు, వాటి మధ్య దారి, మా కోసం కదలడానికి బద్ధకించే గూడబాతులు. ఇష్టరాణి గారు ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఫారాల కట్ట పట్టుకుని దోనె మధ్యలో నిటారుగా కూర్చున్నారు. ఊరంతా బడి వరండాలో పోగై ఉంది. జాబితా చదవాల్సింది నేనేనన్నారు. ముందు నా కంప్యూటరు మిగిల్చిన పేరు చదవమన్నారు. తెప్పల పెద్దిరాజు, తండ్రి ఏడుకొండలు అని చదివాను. ఏడుగురు మగవాళ్ళు ఒకేసారి లేచి నిలబడ్డారు. వరండా అంతా ఒకటే నవ్వు. వాళ్ళలో ఇద్దరు ముసలివాళ్ళు, ఒకాయనకి భుజం మీద మనవరాలు, ఒకాయన చేతిలో సగం అల్లిన వల. ఆరుగురిని చెరిపేసిన వాక్యం ఎంత పొడుగుందో నాకు తెలుసు. ఒక వరుస కూడా లేదు.

తరవాత గుర్తుతో సహా చదివాను. పీత అనగానే ముందురోజు వచ్చిన ముసలాయన వంకర కాళ్ళతో ముందుకొచ్చి వేలిముద్ర వేశాడు. రేడియో ఆ ఊరికి మొదటి రేడియో తెచ్చిన మనిషి కొడుకట, పేరు కూడా వారసత్వమే. మాట్లాడడు అని పిలిస్తే లేచినాయన, నాలుగేళ్ళ వయసుదాకా తనకు మాట రాలేదనీ, అప్పుడు పెద్దింట్లమ్మ గుడికి తీసుకెళ్ళి ఏం మొక్కారో, దారిలో ఎవరు కలిశారో, మొదటి మాట ఏమిటో చెబుతూ నా బల్ల దగ్గర పావుగంట నిలబడ్డాడు. ఇష్టరాణి గారు ఆపనివ్వలేదు. సాయంత్రానికి లెక్క తేలింది. నూట పదిహేడులో అరవై మూడు చిట్టిలంకవి. అరవై మూడు ఇళ్ళూ ఉన్నాయి, అరవై మూడు ఇళ్ళలోనూ మనుషులున్నారు. మిగిలిన యాభై నాలుగూ ఆదివారం మిగతా ఊళ్ళ కార్యదర్శులని పిలిపించి చూశాం. అవి నిజంగానే రెండుసార్లు రాసినవి. ఆ మాట నాకు కొంచెం ఊపిరినిచ్చింది. ఆవిడ కూడా దాన్ని చిన్నది చెయ్యలేదు. చేత్తో అయితే ఆ యాభై నాలుగూ తాము ఎప్పటికీ పట్టుకోలేకపోయేవాళ్ళమని అందరి ముందూ చెప్పారు.

శనివారం దోనెలో తిరిగి వస్తుంటే, మీ ప్రోగ్రాములో ఉరఫ్‌కి వేరే గడి కట్టగలరా అని అడిగారు. ఐదు నిమిషాల పనండీ, ఏలియస్ అని పెడతానన్నాను. "అలా పెడితే దొంగల జాబితాలా ఉంటుంది. ఊళ్ళో పిలిచే పేరు అని పెట్టండి" అన్నారు.

సోమవారం ఏలూరు కలెక్టరేటులో జిల్లా మండలాల ఎమ్మార్వోలంతా కూర్చున్నారు. ఎదురుగా పెద్ద తెర, దాని మీద హైదరాబాదు. నేను ఆవిడ వెనక కుర్చీలో ఉన్నాను. తప్పు నాదని ఆవిడ చెబితే ఆ సాయంత్రమే నా కాంట్రాక్టు రద్దవుతుంది. ఆవిడ వంతు రాగానే మైకు దగ్గరికి జరిగి, "నమస్కారమండీ. మేము ముందున్నామన్నారు, మేము లేమండీ. అరవై మూడు కుటుంబాలని పొరపాటున తీసేశాం. కాగితం చూడకుండా సంతకం పెట్టింది నేను" అన్నారు. ఉరఫ్ సంగతి రెండు వాక్యాల్లో వివరించారు. నా పేరు ఎత్తలేదు. తెర మీద ఆఫీసరు కదలకుండా ఉండిపోయారు. ఆ రోజుల్లో మాట అక్కడికి వెళ్ళి జవాబు రావడానికి కొంత వ్యవధి పట్టేది. ఆ నిశ్శబ్దం కోపమో, లైనులో ఆలస్యమో ఎవరికీ తెలియలేదు. చివరికి ఆయన గొంతు వినిపించింది. సరిచేసిన జాబితా ఎన్నాళ్ళలో ఇస్తారని అడిగారు.

"తెచ్చానండీ" అని ఇష్టరాణి గారు సంచీలోంచి సీడీ తీసి కెమెరాకి చూపించారు.

ఆ తరవాత ఆయన, మిగతా మండలాల్లో ఈ గుర్తు ఏమైందో చూశారా అని అడిగారు. హాల్లో అందరూ తమ ముందున్న కాగితాల్లోకి తలలు వంచారు.

అందరికీ వారం గడువు దొరికింది. మాకు మొదటి స్థానం పోయింది. ఆవిడకి సంజాయిషీ అడుగుతూ ఒక మెమో వచ్చింది. దానికి ఇచ్చిన జవాబు నన్నే టైపు చెయ్యమన్నారు. "మా ప్రోగ్రామరుకి కంప్యూటరు తెలుసు. రికార్డు నేర్పవలసినది నేను. నేర్పలేదు. ఇప్పుడు నేర్పాను." ఆ నాలుగు వాక్యాలు టైపు చెయ్యడానికి నాకు చాలాసేపు పట్టింది. మెమో అక్కడితో ముగిసింది. కార్డులు అరవై మూడు ఇళ్ళకీ మొదటి విడతలోనే వచ్చాయి.

పంచడానికి చిట్టిలంక వెళ్ళినప్పుడు గట్టు మీద ఆడుకుంటున్న పిల్లలు నన్ను చూసి, "రబ్బరు గారొచ్చారు" అని అరుచుకుంటూ ఊళ్ళోకి పరిగెత్తారు. పేర్లు చెరిపినవాణ్ణి కదా, ఆ ఊరు తన పద్ధతిలో నన్ను రికార్డులోకి ఎక్కించింది. పీత గారు చాలా నొచ్చుకుని, పిల్లలండీ, ఏమనుకోకండి రబ్బరు గారూ అన్నాడు. ఇష్టరాణి గారు గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

రెండేళ్ళ తరవాత నేను ఏలూరులో వేరే ఉద్యోగానికి మారుతుంటే ఆవిడ అనుభవం సర్టిఫికెట్లు రెండు ఇచ్చారు. ఒకటి నేను టైపు చేసుకున్నదే, ఇంటర్వ్యూల కోసం. రెండోది ఆవిడ చేత్తో రాసినది. శ్రీ కె. సూర్యప్రకాశ్ @ రబ్బరు గారు ఈ కార్యాలయంలో పని చేశారనీ, కిటికీ దగ్గర కూర్చునేవారనీ ఉంటుంది. కింద సంతకం, ఆఫీసు ముద్ర. ఇప్పుడు నేను రాసే ప్రోగ్రాములు ఒక్క మండలానివి కావు. రెండు పేర్లు ఒకటేనని కంప్యూటరు తేల్చిన రోజున ఆ రెండో సర్టిఫికెట్టుని సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టుకుంటాను. ఆ తరవాత ఆ పేర్లున్న ఊరి కార్యదర్శికి ఫోను చేసి, వాళ్ళని ఊళ్ళో ఏమని పిలుస్తారండీ అని అడుగుతాను.